గానుగెద్దు కాశీయాత్ర

రోజుకు పది కిలోమీటర్లు అనుకుందాం. గానుగెద్దుకు ఆదివారం లేదు, పండగ లేదు కాబట్టి ఏడాదికి 3,650 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి కాశీకి వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ కాశీ చేరేంత దూరం. ఎద్దు మాత్రం గానుగ దగ్గరే ఉంది. దాని యజమాని మెడలో పూలదండ వేసి, ‘మా ఎద్దు కాశీయాత్ర చేసొచ్చింది’ అని ఊరేగిస్తే ఊరు ఊరంతా కడుపుబ్బ నవ్వుతుంది. అదే లెక్కను నున్నటి కాగితం మీద ఆకుపచ్చ సిరాతో అచ్చేసి, పక్కన ఓ మొక్క బొమ్మ పెడితే మాత్రం ఎవరూ నవ్వరు. చప్పట్లు కొడతారు.

అలా చప్పట్లు కొట్టిన సభలో నేనూ ఉన్నాను. నగరం శివార్లలోని ఓ పారిశ్రామికవాడలో లోహపు పొడి తయారుచేసే ఫ్యాక్టరీ అది. పేరెందుకు లెండి. ఫ్యాక్టరీల మెటీరియల్ బ్యాలెన్సులు చూసిపెట్టడం నా పొట్టకూటి విద్య. లోపలికి ఎంత వెళ్ళింది, బయటికి ఎంత వచ్చింది, మధ్యలో ఎంత మాయమైంది, అంతే. కిరాణా కొట్టు గుమాస్తా చేసే పనే, కాకపోతే నాకు హెల్మెట్ ఇస్తారు. ఆ రోజు వాళ్ళిచ్చిన రంగుల పుస్తకంలో మూడు ముక్కలున్నాయి: ‘ఏటా 95 టన్నుల పొడి తయారీ. ముడిసరుకులో 65 శాతం రీసైకిల్ చేసినదే. వృథా సున్నా.’ (అసలు అంకెల్ని కొంచెం గుండ్రం చేశాను. మీకు కూడిక సుళువుగా ఉండాలని.) ఈ మూడూ పచ్చి అబద్ధాలని అనను. మూడూ ఎద్దు నడిచిన కిలోమీటర్లు.

అక్కడ జరిగే పని ఇదీ. స్టీలును కరిగిస్తారు. కరిగిన ధార సన్నగా కిందికి జారుతుంటే చుట్టుపక్కల నుంచి ఆర్గాన్ వాయువుతో విపరీతమైన ఒత్తిడి మీద కొడతారు. ధార తుంపరై చెదిరిపోతుంది, తుంపర నేల తాకేలోపే గడ్డకట్టి గుండ్రటి రేణువులవుతుంది. దీన్ని అటమైజింగ్ అంటారు. చూడముచ్చటైన విద్యే. చిక్కల్లా తర్వాత. త్రీడీ ప్రింటింగ్ యంత్రాల్లో లేజర్‌తో కరిగించే రకానికి సాధారణంగా 15 నుంచి 45 మైక్రాన్ల రేణువులే కావాలి. తల వెంట్రుకలో సగం మందమన్నమాట. ఈ సంగతి అటమైజర్‌కు తెలియదు. అది 5 మైక్రాన్లదీ ఇస్తుంది, 150 మైక్రాన్లదీ ఇస్తుంది. అందుకని 325 మెష్ జల్లెడ పట్టి లావుపొడిని పక్కకు తీస్తారు, గాలితో వేరుచేసి మరీ సన్నదాన్ని ఇంకో పక్కకు తీస్తారు. మధ్యలో మిగిలిందే సరుకు. పక్కకు తీసినదాన్ని మళ్ళీ కరిగించాలి.

ఇదేదో కొత్త శాస్త్రమని భయపడొద్దు. సంక్రాంతికి ముందు మా అమ్మమ్మ అరిసెల పిండి కొట్టేటప్పుడు నేను రోజంతా చూసింది ఇదే. నానబెట్టి వడగట్టిన తడిబియ్యం రోట్లో పడేది. నాలుగు పోట్ల తర్వాత జల్లెడలోకి. కిందికి దిగిన మెత్తటి పిండి పళ్ళెంలోకి, పైన మిగిలిన బరక మళ్ళీ రోట్లోకి, దాని మీద ఇంకో దోసెడు కొత్త బియ్యం. సాయంత్రానికి ఎంత దంచినా నలగని పిడికెడు నూక మిగిలేది. దాన్ని అమ్మమ్మ కోళ్ళకు జల్లేసేది. ఆ పిడికెడు నూక సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో దానితో పనుంది. కుంచెడు బియ్యాన్ని నాలుగుసార్లు రోట్లో తిప్పింది కదా అని అమ్మమ్మ ఏనాడూ ‘నాలుగు కుంచాల పిండి కొట్టాను’ అనలేదు. ఆవిడ బడి మొహం చూడలేదు. ఎంబీయే కూడా చదవలేదు. అందుకే లెక్క తప్పలేదు.

మన ఫ్యాక్టరీ లెక్క చూద్దాం. ఫర్నేస్‌లో 100 టన్నులు కరిగించారు. అందులో 30 టన్నులు సరైన సైజు. 5 టన్నులు పోయింది. క్రూసిబుల్ గోడలకు పట్టింది కొంత, తెట్టు కింద తీసేసింది కొంత, బ్యాగ్ ఫిల్టర్లో చేరిన ధూళి కొంత. మిగిలిన 65 టన్నులు లావో సన్నమో అయిన పొడి. అదంతా నిజంగానే మళ్ళీ ఫర్నేస్‌లోకి వెళ్తే బయటి నుంచి కొనాల్సిన కొత్త లోహం 35 టన్నులే. గేటు దగ్గర నిలబడి చూసేవాడికి కనబడేది ఇంతే: లోపలికి 35, బయటికి 30 సరుకు, 5 నష్టం. లోపల ఏం గిరగిరా తిరిగినా గేటు దగ్గరి లెక్క మారదు. ద్రవ్యరాశి ఎటూ పోదని ఫ్రాన్సులో లావోయిజర్ చెప్పి రెండు వందల ఏళ్ళు దాటింది. ఆయన వృత్తిరీత్యా రాజుగారి పన్నులు వసూలుచేసే గుత్తేదార్లలో ఒకడు. వచ్చిందెంత, పోయిందెంత అని అడగటం ఆయనకు అలవాటే. 1794లో గిలటిన్ కింద తల పోయింది. పన్నుల వల్లే పోయింది లెండి, రసాయనశాస్త్రం వల్ల కాదు.

మరి 95 టన్నుల పొడి ఎక్కడిది? జల్లెడకు ముందు తూచారు! కరిగించిన వందలోంచి పోయిన అయిదు తీసేసి, మిగిలినదంతా ‘తయారీ’ అన్నారు. రోకలి పోట్లన్నీ పిండి కింద జమ.

‘65 శాతం రీసైకిల్’ అన్నది ఇంకా ముద్దొస్తుంది. రేపు జల్లెడ దగ్గరికొచ్చే పొడి పాడైందనుకోండి. నాజిల్ అరిగిపోయింది, ఎవరూ మార్చలేదు. సరైన సైజు 30 శాతం నుంచి 20 శాతానికి పడిపోయింది. అదే 30 టన్నుల సరుకు తియ్యాలంటే ఇప్పుడు 150 టన్నులు కరిగించాలి. కరెంటు ఒకటిన్నర రెట్లు. ఆర్గాన్ ఒకటిన్నర రెట్లు. నష్టం 5 నుంచి 7.5 టన్నులకు చేరింది, కొత్త లోహం 35 బదులు 37.5 టన్నులు కొనాలి. మరి తిరిగి ఫర్నేస్‌లోకి వెళ్ళేది? 112.5 టన్నులు. అంటే ముడిసరుకులో 75 శాతం రీసైకిల్! రంగుల పుస్తకంలో ఇంకో రెండు మొక్కల బొమ్మలు వేసుకోవచ్చు. ఇంకా దిగజారి అసలు ఒక్క గ్రాము కూడా సరైన సైజు రాకపోతే, కరిగించినదాంట్లో 95 శాతం తిరిగి కరగడానికే వెళ్తుంది. సరుకు సున్నా, రీసైకిల్ 95 శాతం. భూగోళం మీద అంతకన్నా పచ్చని ఫ్యాక్టరీ ఉండదు. దానికి అవార్డు ఇచ్చేవాళ్ళు కూడా ఉంటారు, అనుమానం లేదు.

ఇలాంటి ప్రతిభావంతులు పుడతారని ముందే ఊహించి కాబోలు, పర్యావరణ ప్రకటనల మీద వచ్చిన ఐఎస్‌ఓ 14021 ప్రమాణంలో ఓ మాట రాసిపెట్టారు: ఒక ప్రక్రియలో పుట్టిన తుక్కు అదే ప్రక్రియలోకి తిరిగి వెళ్ళగలిగినదైతే దాన్ని రీసైకిల్ చేసిన సరుకు కింద లెక్క కట్టకూడదు. మన పెరట్లో మన బరక మన రోట్లోకి వెళ్తే దాన్ని దానధర్మం అనకూడదన్నమాట. కానీ ప్రమాణం చదివేదెవరు? కొనే పెద్ద కంపెనీకి సెబీ వారి బీఆర్‌ఎస్‌ఆర్ నింపాలి. (పార్టీ పేరులో అచ్చుతప్పు కాదండీ, 2021లో తెచ్చిన బాధ్యత, సుస్థిరతల నివేదిక అది. పెద్ద లిస్టెడ్ కంపెనీలన్నీ ఏటా ఇవ్వాలి.) వాళ్ళు సరఫరాదారును అడుగుతారు, సరఫరాదారు ఎక్సెల్‌ను అడుగుతాడు. ఎక్సెల్ ఎవరినీ అడగదు.

రీసైకిల్ అనే మాటకు పరువు ఉన్న చోట్లు లేకపోలేదు. నికెల్ కవాటాలు ఎందుకు పాడైపోతున్నాయో చూడబోయి రసాయనవేత్త లుడ్విగ్ మాండ్ ఒక విచిత్రం పట్టుకున్నాడు: 50, 60 డిగ్రీల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ నికెల్‌ను పట్టుకుని ఆవిరిలా ఎత్తుకుపోతుంది; ఇంకాస్త వేడి చేస్తే నికెల్‌ను అక్కడే వదిలేసి తన దారిన తాను వచ్చేస్తుంది. ఆయనా, ఆయన సహచరులూ ఈ సంగతి 1890లో ప్రకటించారు; వేల్స్‌లో స్వాన్సీ పక్కన క్లిడాక్‌లో 1902లో రిఫైనరీ లేచింది. కిలో నికెల్‌ను మోయడానికి దాదాపు 1.9 కిలోల కార్బన్ మోనాక్సైడ్ కావాలి, అదంతా వెనక్కి తిరిగి వచ్చి మళ్ళీ మోతకు సిద్ధమవుతుంది. మేలైన నికెల్ పొడి తియ్యడానికి ఇప్పటికీ వాడే దారి ఇదే. ఇక్కడ ‘కొంచెం అటూ ఇటూ అయింది సార్’ అనే మాట చెల్లదు. మధ్యలో తిరిగే నికెల్ కార్బనిల్ పచ్చి విషం. లెక్కలో తేడా వచ్చిందంటే అది ఎవరి ఊపిరితిత్తుల్లోనో జమ పడిందని అర్థం. బ్యాలెన్స్ షీటును నిజాయితీగా ఉంచడానికి ఇంతకన్నా మంచి ఆడిటర్ ఇంతవరకు పుట్టలేదు.

టంగ్‌స్టన్ పొడి వాళ్ళదీ అదే మర్యాద. ఆక్సైడ్‌ను హైడ్రోజన్‌తో క్షయకరిస్తారు, అవసరానికి ఎన్నో రెట్లు హైడ్రోజన్ పంపుతారు, మిగిలినదాన్ని ఆరబెట్టి మళ్ళీ పంపుతారు. ఆరబెట్టడంలో బద్ధకిస్తే ఆ తేమ రేణువుల్ని లావెక్కిస్తుంది. తిరిగొచ్చిన వాయువు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో పొడి ఇట్టే చెప్పేస్తుంది.

ఇక అమ్మమ్మ కోళ్ళకు జల్లిన నూక సంగతి. చుట్టూ తిరిగే ప్రతి ధారలోనూ బయటికి పోలేని చెత్త ఒకటి ఉంటుంది. కొంత సరుకును కావాలని వదిలేస్తే తప్ప అది పేరుకుంటూనే పోతుంది. అలా వదలడాన్ని మా వృత్తిలో పర్జ్ అంటారు. కాలేజీలో ప్రతివాడూ ఈ లెక్క చేసి మార్కులు తెచ్చుకుంటాడు. ఫ్యాక్టరీ యజమాని దగ్గర ఆ మాట ఎత్తితే మాత్రం వాళ్ళ పొలం రాసిమ్మన్నట్టు చూస్తాడు.

టైటానియం పొడితో ఎముకల ఇంప్లాంట్లు ప్రింట్ చేసే ఓ వర్క్‌షాపులో నాకీ చూపు ఎదురైంది. ఇంప్లాంట్లకు వాడే మేలురకం మిశ్రమంలో ఆక్సిజన్ 0.13 శాతం దాటకూడదు. మామూలు రకానికైతే 0.20 దాకా చెల్లుతుంది. టైటానియం తాగిన ఆక్సిజన్‌ను మళ్ళీ కక్కించడం మామూలుగా అయ్యే పని కాదు. వాళ్ళు కొన్న పొడి భేషైనది, 0.10 శాతమే. గోడకు సర్టిఫికెట్ తగిలించి ఉంది, దాని పక్కనే వేంకటేశ్వరస్వామి పటం. ఒక్కో విడతలో యంత్రంలో 100 కిలోల పొడి పోస్తే 10 కిలోలు వస్తువుగా మారుతుంది. మిగిలిన 90 కిలోలు జల్లెడ పట్టి, 10 కిలోల కొత్త పొడి కలిపి మళ్ళీ పోస్తారు. ప్రతి విడతలో ఆక్సిజన్ పెరిగేది 0.005 శాతమే అనుకోండి.

‘మరీ అంత చిన్న అంకె సార్, దానికేముంది?’ అన్నాడు అక్కడి కుర్రాడు.

కాగితం తీసి కూడిక చేసి చూపించాను. 10 కొత్తది, 90 పాతది, ప్రతిసారీ 0.005 తోడు. ఎన్ని విడతలకో గానీ చివరికి అది ఎక్కడ నిలబడుతుందంటే 0.15 దగ్గర. 0.13 ఎప్పుడో దాటిపోయింది. గోడ మీది సర్టిఫికెట్ మాత్రం 0.10 దగ్గరే స్వామివారితో పాటు నవ్వుతూ ఉంది. దాటకుండా ఉండాలంటే విడతకు దాదాపు 6.7 కిలోల వాడిన పొడిని తీసి పక్కన పెట్టి, ఆ మేరకు కొత్తది కలపాలి. ‘6.7 కిలోల టైటానియం పారబోయమంటారా!’ అన్నాడు ఓనరు. పారబోయక్కర్లేదండీ, 0.20 చెల్లే పనికి అమ్ముకోండి అన్నాను. ఆయన ముఖం వికసించలేదు. తుంటి కీలు వేయించుకోబోయే మనిషి అక్కడ లేడు కాబట్టి చర్చ అంతటితో ఆగింది.

సరే, మన స్టీలు ఫ్యాక్టరీకి వద్దాం. మర్నాడు ప్రాసెస్ ఇంజనీరు ల్యాప్‌టాప్ తెరిచి బ్యాలెన్స్ షీటు చూపించాడు. లోపలికి 35.00. బయటికి 35.00. తేడా 0.00.

‘ఎంత కరెక్టుగా టాలీ అయిందో చూడండి సార్’ అన్నాడు మురిసిపోతూ.

ఇన్నేళ్ళ సర్వీసులో నాకు ఒళ్ళు జలదరించే దృశ్యం ఇదొక్కటే. టన్నుల కొద్దీ లోహం కరిగే చోట, పాతకాలపు కాటా ఉన్న చోట, ధూళి ఎగిరే చోట, సున్నా పాయింట్ సున్నా సున్నా వచ్చిందంటే కాటా దగ్గరికి ఎవరూ వెళ్ళలేదని అర్థం. గళ్ళ మీద ఒక్కొక్కటే నొక్కి చూశాను. కరిగించినది 100: ఇది తూచింది, ఫర్నేస్ కింద కాటా ఉంది. సరుకు 30: ఇది అమ్మిన బిల్లులు. నష్టం 5: గడిలో ఊరికే ఐదు అని కొట్టి ఉంది. ఎందుకని అడిగితే ‘మొదటి నుంచీ అంతే సార్’ అన్నాడు. రీసైకిల్ 65: వందలోంచి ముప్పై, అయిదు తీసివేత. కొత్త లోహం 35: వందలోంచి అరవై అయిదు తీసివేత. ఒకటి తూకం, ఒకటి అమ్మకం, ఒకటి ఆనవాయితీ, మిగతా రెండూ తీసివేతలు. ఇన్ని తీసివేతలు పేర్చాక టాలీ కాకుండా ఎటు పోతుంది! కాకిలెక్కలంటారు గానీ, కాకి పాపం ఇంత నీట్‌గా వెయ్యదు.

‘స్టోర్స్‌లో కొన్న లోహం ఎంత బాబూ?’

‘అది వేరే డిపార్ట్‌మెంట్ సార్.’

వేరే డిపార్ట్‌మెంట్ మెట్ల కింద గదిలో ఉంది. రిజిస్టర్లో ఆ ఏడాది కొన్న లోహం 60 టన్నులు. ముప్పై అయిదు కాదు, అరవై. అరవై లోపలికి వెళ్ళి, ముప్పై సరుకై, అయిదు పోతే, మిగిలిన 25 టన్నులు ఎక్కడున్నట్టు? వచ్చింది, పోయింది అని రెండు ముక్కలే చెబుతారు గానీ మెటీరియల్ బ్యాలెన్స్‌లో మూడోది ఒకటుంది: పేరుకున్నది. పుస్తకాల్లో దాన్ని సున్నా అనుకుని లెక్క మొదలుపెడతారు, ఉద్యోగాల్లో సున్నా అనుకునే ముగిస్తారు.

జల్లెడ దగ్గర పనిచేసే పెద్దాయన్ని అడిగాను. తలకు కట్టుకున్న తువ్వాలు మీద పొడి మెరుస్తోంది. ‘రాండ్రి సార్, సూపిస్త’ అని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు.

వరసలు వరసలుగా డ్రమ్ములు. ఒక్కోదాని మీద సుద్దముక్కతో ‘రీమెల్ట్’. లావుపొడిని కరిగిస్తున్నారట, 40 టన్నుల దాకా వెళ్తుందట. సన్నపొడితోనే చిక్కు. ఇండక్షన్ ఫర్నేస్‌లో అది సరిగ్గా వేడెక్కదు. ప్రతి రేణువుకూ ఒంటినిండా ఆక్సైడ్ పొర కాబట్టి కరిగినా తెట్టే ఎక్కువ. పోస్తుంటే పొగలా లేచి కళ్ళల్లో పడుతుంది. అందుకని ఎవరూ ముట్టుకోరు. సన్నపొడి కావాలనుకునే వేరే పరిశ్రమలు ఉన్నాయి, మెటల్ ఇంజెక్షన్ మోల్డింగ్ వాళ్ళకు అదే ప్రాణం. కానీ అమ్మితే అది బయటికి పోయినట్టు రాయాలి, రాస్తే ‘65 శాతం’ కూలుతుంది. హైదరాబాద్‌లో బాలాపూర్ అంటే జనానికి వినాయకుడి లడ్డూ వేలం గానీ, పొడి లోహాల కోసమే కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ ఉన్నదీ అక్కడే. ఇదే నగరంలో ఉండి ఒక్కసారి అడగొచ్చు. లడ్డూ వేలానికైతే వెళ్ళొచ్చారట.

‘ఇవి ఎప్పటి నుంచి ఉన్నాయి పెద్దాయనా?’

‘పోయిన ఉగాది కాడికెల్లి గిట్లనే ఉన్నయ్ సార్. రీసైకిల్ అంటరు, గవి కదిలేది లేదు.’

డ్రమ్ముకు రెండు వందల కిలోలు. 25 టన్నులంటే 125 డ్రమ్ములుండాలి. ఎండలో నిలబడి లెక్కపెట్టాను. నూట పంతొమ్మిది. ఆరు తక్కువొచ్చాయి. ఆ రెండు రోజుల్లో నాకు దొరికిన నిజాయితీ గల తేడా అదొక్కటే; దానికి దండం పెట్టి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మూల వరసలో రెండు డ్రమ్ముల మూతల మధ్య సాలీడు గూడు కట్టింది. పుస్తకం ప్రకారం ఆ సాలీడు గూడు కట్టుకున్నది ఏడాదికి 65 టన్నుల వేగంతో పారుతున్న ప్రవాహం మీద.

ఎండీగారికి అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు, మంచి టీ ఇప్పించారు. కాసేపు ఆలోచించి, ‘మాస్టారూ, మీ లెక్క ఫ్యాక్టరీ చుట్టూ ఒక గీత గీసుకుని వేస్తారు కదా, దాన్నేదో అంటారు...’ అన్నారు.

‘బౌండరీ.’

‘అదే. ఆ గీత ఎక్కడ గియ్యాలన్నది మన ఇష్టమేగా?’

నేను సంతకం పెట్టలేదు. నా ఫీజూ ఇంతవరకు రాలేదు. వాళ్ళ పుస్తకాల్లో అది ఏ గడిలో తిరుగుతోందో తెలియదు. రెండు నెలల తర్వాత ఆ దారినే వెళ్తూ ఆగాను. షెడ్డు వెనక జాగా అద్దంలా ఊడ్చి ఉంది, పూలకుండీలు పెట్టారు. ప్రహరీగోడ అవతల కొత్తగా అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డు ముందు పెద్దాయన బీడీ కాల్చుకుంటున్నాడు. వెనక డ్రమ్ములు, వాటి మీద అదే సుద్ద రాత.

‘గోడ అవతల పెట్టినం సార్’ అన్నాడు నన్ను చూసి. ‘చలాన్ మీద రీసైకిల్‌కు పంపినట్టు రాసిన్రు. గా ఆరు డ్రమ్ములు గూడ దొరికినయ్, క్యాంటీన్ల కూసునే బల్ల కింద ఉండె.’